మచ్చకీ కండకీ మధ్య

గుండెపోటు వచ్చిన మనిషి ఆ రోజుకు బతికి బయటపడితే ఇంట్లోవాళ్లు కొబ్బరికాయ కొడతారు, లేదా చర్చిలో సాక్ష్యం చెబుతారు. గండం గడిచిందనుకుంటారు. నా పని అక్కణ్ణుంచి మొదలయ్యేది.

రక్తం అందక చచ్చిపోయిన గుండె కండ మళ్లీ బతకదు. కొన్ని నెలల్లో అది మచ్చ కడుతుంది. కొందరిలో ఆ మచ్చ పలచబడి, సాగి, గుండె గోడకు బుడగలా ఉబ్బుతుంది. గుండె ముడుచుకున్న ప్రతిసారీ ఒంట్లోకి పోవలసిన రక్తంలో కొంత ఆ బుడగలోకి పోయి వెనక్కి వస్తుంది. ఎంత కష్టపడినా ఆ మేరకు పని వృథా. ఇక ఆయాసం, కాళ్ల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం. ఆ బుడగలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ ఊడి మెదడుకు పోయిందా, పక్షవాతం.

బుడగను తెరిచి, గడ్డ తీసి, మచ్చను పక్కకు తప్పించి, మిగిలిన మంచి కండతో గుండెకు మళ్లీ దాని ఆకారం తెచ్చిపెట్టడమే మేము చేసే ఆపరేషన్. విజయవాడలో కార్డియాక్ సర్జన్‌గా ఎన్నో రకాల ఆపరేషన్లు చేశాను. బైపాస్‌లు చేసి చేసి చేతులు వాటికి అలవాటు పడిపోయాయి. కానీ రేపు బుడగ కేసు ఉందంటే మాత్రం ముందురోజు నుంచే నా నడక మారిపోయేది. రిటైరై రెండేళ్లయినా ఆ మాట ఎత్తితే నా చేతులు ఊరుకోవు. నేను గాలిలో కుట్లు వేస్తూ చెబుతుంటే, మా ఆయన భోజనాల బల్ల మీద మంచినీళ్ల గ్లాసులు మెల్లగా అవతలికి జరుపుతారు.

ఈ మధ్య బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కాఫీ హోటల్లో ఇద్దరు మెడికల్ పీజీ విద్యార్థులు నన్ను గుర్తుపట్టి పలకరించారు. "మేడం, ఇప్పుడు అందరికీ గంటల్లోనే స్టెంట్లు వేసేస్తున్నారు కదండీ. ఈ లైన్లోకి రావడం దండగంటున్నారు. నిజమేనా అండీ?" అని అడిగారు.

బుడగ కేసులు తగ్గిన మాట నిజమే. తగ్గడం మంచిదే. కానీ గుండెపోటును గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకునేవాళ్లు ఈ డెల్టాలో ఇంకా ఉన్నారు. మా దగ్గరికి వచ్చేది వాళ్లే. ఆ ఇద్దరికీ చెబుతూ కూర్చుంటే ముగ్గురి కాఫీలూ చల్లారిపోయాయి. అప్పుడు చెప్పిందీ, చెప్పలేకపోయిందీ ఇక్కడ రాస్తున్నాను.

నిన్ను తోస్తోందా?

మాది పామర్రు దగ్గర పల్లె. అమ్మానాన్నలిద్దరూ కూలికి పోయేవాళ్లు. చర్చి బడిలో మొదలైన నా చదువు ఎలాగోలా గుండె ఆపరేషన్ల దాకా వచ్చింది. ఆ విభాగానికి పెద్ద సుందరం గారు. ఇంటర్వ్యూలో ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"ఎనిమిది గంటలు నిలబడగలవా?"

"మా అమ్మ నాట్లప్పుడు పొద్దస్తమానం వంగే ఉంటుంది సార్. నేను నిలబడ్డానికేం?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "సోమవారం రా" అన్నారు.

బుడగ కేసులో ఆయన పక్కన మొదటిసారి నిలబడిన రోజు నాకు నిన్నటిలా ఉంది. రోగిని హార్ట్ లంగ్ మెషీన్ మీద పెట్టారు. ఇక ఒంటికి రక్తం అందించే బాధ్యత ఆ యంత్రానిది. గుండె మాత్రం నెమ్మదిగా కొట్టుకుంటోంది. లోపల మిగిలిన రక్తాన్ని ఒక గొట్టంతో లాగేశారు. అంతే, అప్పటిదాకా నిండుగా ఉన్న గుండెలో ఒక్క చోట గోడ లోపలికి కుంగిపోయింది, బొటనవేలితో బంతిని నొక్కినట్టు. చుట్టూ ఉన్న కండ మాత్రం బిగువుగా నిలబడింది. ఎక్కడ చచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లముందే ఉంది.

సుందరం గారు ఆ కుంగిన చోట కోసి, నా చెయ్యి పట్టుకుని, గుండె గోడను నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టారు.

"ఏం తెలుస్తోంది?"

"పలచగా ఉంది సార్."

"గోడ సంగతి నేనడగలేదు. అది నిన్ను తోస్తోందా?"

వేళ్లను కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ వెళ్లాను. ఏమీ లేదు. ఏమీ లేదు. ఇంకొంచెం జరిపాను. వేళ్ల మధ్య గోడ ఒక్కసారి లావై, నా వేళ్లను విడదీసింది. వదిలింది. మళ్లీ విడదీసింది.

"ఇక్కడ తోస్తోంది సార్."

"అయితే కుట్టు అక్కడ. దానికి ఇవతలంతా మచ్చ, అవతలంతా మనిషి" అన్నారాయన.

మంచి గురువు. కానీ మంచి అధికారి అని మాత్రం చెప్పలేను. నర్సుల మీద అరిచేవారు. పరికరం ఒక్క క్షణం ఆలస్యమైతే దాన్ని నేలకేసి కొట్టేవారు. గొప్ప సర్జన్ అంటే అలాగే ఉండాలి కాబోలనుకుని, నాకు సొంతంగా కేసులిచ్చాక నేనూ గొంతు పెంచడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకి నా థియేటర్ చాలా నిశ్శబ్దంగా ఉండేది. అది క్రమశిక్షణ అని మురిసిపోయాను.

జోసెఫ్ మాస్టారు

ఏడో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన జోసెఫ్ మాస్టారు రిటైరై కూచిపూడి పక్క ఊళ్లో ఉండేవారు. ఆయనకు గుండెపోటు వచ్చిన ఏడాదికి బుడగ తేలింది. సుందరం గారి దగ్గరికి వెళ్లమన్నాను. మాస్టారు వినలేదు.

"నీకు భిన్నాలు నేర్పింది నేనే కదమ్మా. నువ్వే చెయ్యి" అన్నారు.

ఆ కేసు నేను అద్భుతంగా చెయ్యాలనుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది. మచ్చ అన్నది ఇసుమంత కూడా మిగలకూడదని కోసుకుంటూ పోయాను. కుట్టు వేసి బిగించాక గుండె ఎంత ముద్దుగా కనిపించిందో చెప్పలేను. చిన్నగా, గట్టిగా, కుర్రవాడి గుండెలా. మెషీన్ ఆపితే చకచకా కొట్టుకుంది. నాకు గర్వమేసింది. కానీ రక్తపోటు లేవలేదు.

గుండె ఎంత గట్టిగా పిండినా, లోపల పట్టిందే కదా బయటికి పంపేది. చెంబుతో నీళ్లు పోసే చోట నేను ఉగ్గుగిన్నె పెట్టాను. లోపలి గదిని మరీ చిన్నది చేసేశాను. తీసేసిన గోడను మళ్లీ తెచ్చి పెట్టలేం. మూడు రోజులు ఐసీయూలో అన్ని మందులూ వాడాం. మూడో రోజు మధ్యాహ్నం మాస్టారు పోయారు.

"గుండె బాగా బలహీనంగా ఉందండీ, తట్టుకోలేకపోయింది" అని ఇంట్లోవాళ్లకు చెప్పాను. ఆ సాయంత్రం సుందరం గారు నన్ను గదికి పిలిచారు.

"వాళ్లకేం చెప్పావు?"

చెప్పాను.

"అది నిజమేనా?"

"సగం నిజం సార్."

"మిగతా సగం ఎవరు చెబుతారు?"

ఆయన అరుస్తారని ఊహించాను. అరవలేదు. అదే ఎక్కువ భారంగా అనిపించింది.

గది బయట థియేటర్ నర్సు మేరీ నిలబడి ఉంది. ఆ ఆపరేషన్‌లో నాకు పరికరాలు అందించింది ఆవిడే. ముఖం కందిపోయి ఉంది. "మేడం, మీరు ఎక్కువ తీసేస్తున్నారేమో అని నాకు అప్పుడే అనిపించిందండీ. పెద్ద సార్ చేసినప్పుడు ఇంత ముక్క ఎప్పుడూ రాలేదు" అంది.

"మరి చెప్పలేదేం?"

"మీరు తిడతారని."

నా నిశ్శబ్దమైన థియేటర్ ఖరీదు అప్పుడు తెలిసింది.

వారం తర్వాత బస్సెక్కి మాస్టారి ఊరు వెళ్లాను. ఆయన భార్య రూతమ్మ గారు వరండాలో కూర్చుని ఉన్నారు. కొడుకు తలుపు పక్కన నిలబడ్డాడు. "అమ్మా, మాస్టారి గుండె బలహీనంగా ఉన్న మాట నిజమే. కానీ నేను తియ్యాల్సిన దానికన్నా ఎక్కువ తీసేశాను. అది నా తప్పు" అన్నాను.

కొడుకు లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడడు. అతన్ని నేను తప్పు పట్టను.

రూతమ్మ గారు అతను వెళ్లిన తలుపు వైపు చూశారు. తర్వాత, "ఆయనకి నొప్పి తెలిసిందా?" అని అడిగారు.

"లేదండీ. నిద్రలోనే ఉన్నారు."

"మళ్లీ ఇలాంటి మనిషొస్తే ఎంత తియ్యాలో నీకిప్పుడు తెలుసా?"

"తెలుసుకుంటానండీ."

"తెలుసుకో. తెలుసుకునేదాకా చెయ్యకు. తెలుసుకున్నాక మానకు."

ఏడాది పాటు బుడగ కేసు ముట్టుకోలేదు. సుందరం గారి పక్కన, ఆ తర్వాత వేరే ఊళ్లో మరొక పెద్దాయన పక్కన నిలబడి చూశాను. ఉప్పునీళ్లు నింపిన చిన్న రబ్బరు బుడగను గుండె లోపల పెట్టి, దాని చుట్టూ కుట్టు బిగించి, గది ఎంత ఉండాలో ముందే కొలుచుకునే పద్ధతి నేర్చుకున్నాను. మచ్చంతా తీసెయ్యాలన్న పిచ్చి వదిలింది. ఎంత తీశామన్నది గొప్ప కాదు, ఎంత మిగిల్చామన్నది చూడాలి. మిగల్చడానికి మంచి కండే లేనివాళ్లకు ఆపరేషన్ వద్దని చెప్పడం కూడా అప్పుడే అలవాటైంది.

ఇంకొకటి. ఆ రోజు నుంచి కత్తి పట్టుకునే ముందు గదిలో అందరికీ ఒకే మాట చెప్పేదాన్ని: "ఎవరికి ఏం అనిపించినా చెప్పండి. తప్పయినా నేను తిట్టను." మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఒకసారి ఒకాయన చెప్పిందే తడవుగా తిట్టాను కూడా. తర్వాత క్షమాపణ అడిగాను. గొంతు తగ్గించుకోవడం నాకు కుట్లకన్నా కష్టమైంది.

నాంచారమ్మ

ఇక నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఎక్కువ ఊపేసిన కేసు. అప్పటికి సుందరం గారు రిటైరైపోయారు, విభాగం నా చేతిలో ఉంది.

నాంచారమ్మది బందరు దగ్గర గిలకలదిండి. పడవలు రేవుకు రాగానే చేపల వేలం పాడేది ఆవిడే. ఏభై దాటిన మనిషి. ఎనిమిది నెలల కిందట ఛాతీలో నొప్పొస్తే గ్యాసనుకుని వాము నమిలింది. అప్పట్నుంచీ ఆయాసం. కొడుకు ఏడుకొండలు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని నా గదిలోకి తీసుకొచ్చాడు. తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా వచ్చేసరికి మధ్యలో ఒకసారి ఆగింది.

ఎకో చూస్తే గుండె ముందువైపు పెద్ద బుడగ, దాని లోపల గడ్డ. గుండె ఆకారం చెడి సాగడం వల్ల గుండె పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు సరిగ్గా మూసుకోక కొంత రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల వైపు కారుతోంది. అంతా బొమ్మ గీసి చెప్పాను.

"నువ్వే కోత్తావా?" అంది.

"నేనే."

"ఇంతకు ముందు ఇలాంటియ్యి కోశావా?"

"చాలా కోశాను."

"ఎంతమంది పోయారు?"

ఆ ప్రశ్న నన్ను సూటిగా అడిగిన రోగి అంతకుముందు ఎవరూ లేరు. "కొందరు పోయారు. ఒకళ్లయితే నా తప్పు వల్లే పోయారు" అన్నాను.

ఏడుకొండలు తల్లి చెయ్యి పట్టుకుని, "పదమ్మా, ఐదరాబాదు పోదాం" అన్నాడు.

"కూకోరా" అందావిడ. నా వైపు తిరిగింది. "తూకం ఎప్పుడూ తప్పలేదని చెప్పేవోడి దగ్గర నేను చేప కొనను. నువ్వు చెప్పావు. సరే. మళ్లా నేను పాట పాడగలనా?"

"మాటివ్వలేను. ఆయాసం తగ్గుతుందని మాత్రం అనుకుంటున్నాను."

"ఏడాది పాటు పాడకపోతే నా రేవు నాది కాదమ్మా" అంది. బతుకుతానా అని మాత్రం అడగలేదు.

ఆపరేషన్ రోజు తల వైపు మత్తు డాక్టరు కరీం గారు. ఆయన చేతిలోనే ఎకో ఉండేది. గొంతులోంచి పంపిన చిన్న పరికరంతో గుండె లోపలిదంతా తెర మీద చూపించేవారు. నా ఎదురుగా అసిస్టెంటు అనూష. చేరి ఆర్నెల్లయింది. చక్కని చేతులు. మనిషి మాత్రం నోరు విప్పదు.

గడ్డ ఉన్న గుండెను ముందే తాకకూడదు. చెయ్యి తగిలి ముక్క ఊడితే నేరుగా మెదడుకు పోతుంది. కాబట్టి ముందు పెద్ద రక్తనాళాన్ని క్లాంపుతో నొక్కి మూసి, గుండెను ఆపి, అప్పుడు బుడగ తెరిచాం. గడ్డ కాలేయం ముక్కలా నల్లగా, మెత్తగా ఉంది. స్పూనుతో చుట్టూ విడదీస్తే ఒక్క ముక్కగా వచ్చింది. "వచ్చేసింది" అని గట్టిగానే అన్నాను. గది మొత్తం ఒక్కసారి కదిలింది.

లోపల చూస్తే ముత్యపుచిప్పలా తెల్లగా మెరిసే మచ్చ. దాని అంచున ఎర్రగా కండ. ఆ రెండూ కలిసే చోట చుట్టూ కుట్టు వేసుకుంటూ వచ్చి, రబ్బరు బుడగ లోపల పెట్టి బిగించి, దాన్ని తీసేశాను. మిగిలిన రంధ్రానికి గుడ్డ ప్యాచ్ వేసి కుట్టాను. ఛాతీ లోపలి నాళాన్ని దించి, రక్తం బాగా అందేలా గుండె ముందు నాళానికి కలిపాను. క్లాంపు తీశాం. రక్తం వెచ్చగా లోపలికి వెళ్లింది. గుండె ఒకసారి వణికింది, ఆగింది, తర్వాత తనంతట తాను కొట్టుకుంది. ఎన్నిసార్లు చూసినా దానికి అలవాటు పడలేదు. అలవాటు పడిన సర్జన్ ఉంటే ఆ మనిషి వేరే పని చూసుకోవడం మంచిది.

మెషీన్ ఆపాం. రక్తపోటు బాగుంది. చేతులు జారవిడిచి ఊపిరి పీల్చుకున్నాను.

"మేడం, లీకుంది" అన్నారు కరీం గారు.

ఆకారం సరిచేస్తే వాల్వు తనంతట తాను సర్దుకుంటుందని నా అంచనా. అందుకే దాన్ని ముట్టుకోలేదు. "ముందున్నంత ఉందా?" అన్నాను.

"లేదు. తగ్గింది. కానీ ఉంది."

మళ్లీ మెషీన్ మీదికి వెళ్లి, గుండెను మళ్లీ ఆపి వాల్వు బాగుచెయ్యడం చిన్న విషయం కాదు. ఇప్పుడే నిలబడిన గుండె. రెండోసారి ఆపితే తిరిగి లేస్తుందన్న భరోసా లేదు. పైగా నా అంచనా తప్పని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఈ రెండో సంగతి కూడా ఆ క్షణంలో నా బుర్రలో ఉంది, దాచను.

"ప్రెషర్ బాగుంది కదా, మూసేద్దాం" అన్నాను.

కరీం గారు తెర వైపే చూస్తున్నారు. అప్పుడు అనూష గొంతు వినిపించింది.

"మేడం, ఆవిడ ఇప్పుడు మత్తులో ఉన్నారు కదండీ. రేవులో గట్టిగా అరిచేటప్పుడు ప్రెషర్ ఇంతే ఉండదు."

ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"కరీం గారూ, మందిచ్చి ప్రెషర్ పెంచండి. ఒక్క నిమిషం" అన్నాను.

ఆయన పెంచారు. అందరం తెర వైపు చూశాం. అప్పటిదాకా సన్నని గీతలా ఉన్న లీకు వెడల్పై, పై గది వెనక గోడ దాకా పాకింది. అదే, వేలం పాడే నాంచారమ్మ గుండె. ఆయాసంతోనే ఆవిణ్ణి రేవుకు పంపబోయాను.

"వెనక్కెళ్దాం" అన్నాను.

మళ్లీ మెషీన్. మళ్లీ గుండె ఆపడం. పై గది తెరిచి వాల్వు చుట్టూ రింగు వేసి బిగించాను. ఇరవై నిమిషాల పని నాకు పూటంత అనిపించింది. క్లాంపు తీశాక గుండె లేవలేదు. బద్ధకంగా, ఉబ్బుగా, ఒక్కో దెబ్బ ఎక్కణ్ణుంచో మోసుకొస్తున్నట్టు కొట్టుకుంది. తొడలోంచి సాయం చేసే బెలూను పంపు పెట్టాం. మందులు పెంచాం. ప్రెషర్ ఏభై దగ్గర నిలిచింది.

ఇలాంటప్పుడు కుర్ర సర్జన్లు ఏదో ఒకటి చెయ్యాలని చేతులు ఆడిస్తారు. చెయ్యకండి. చెయ్యవలసింది చేశాక ఆగడం కూడా పనే. "మెషీన్ కాసేపు నడవనివ్వండి. గుండెకు విశ్రాంతి కావాలి" అన్నాను. అరగంట పాటు నా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మెల్లగా మెషీన్ తగ్గించమన్నాను. కరీం గారు అంకెలు చదవడం మొదలుపెట్టారు. "అరవై... అరవై ఐదు... డెబ్బై." కొంచెం ఆగి, "ఎనభై ఐదు మేడం" అన్నారు. "లీకు?" అన్నాను. "లేదు." నర్సుల్లో ఎవరో "ప్రభువా" అన్నారు. నేను అనూష వైపు చూశాను. ఆ పిల్ల కళ్లజోడు మసకబారి ఉంది.

బయటికొచ్చి ఏడుకొండలుకు జరిగిందంతా చెప్పాను, ముందు వాల్వు వదిలేద్దామనుకున్న సంగతితో సహా. అతను అంతా విని, "మరి మిమ్మల్ని ఆపిందెవరండీ?" అని అడిగాడు. అనూషను పిలిచి చూపించాను.

నాలుగు నెలల తర్వాత నాంచారమ్మ ఫోను చేసి రేవుకు రమ్మంది. పొద్దున్నే నేను, అనూష వెళ్లాం. పడవల పక్కన తడి సిమెంటు మీద చేపల కుప్పలు, చుట్టూ వర్తకులు. కుప్ప ముందు నిలబడి నాంచారమ్మ పాట ఎత్తింది. ఆ స్పీడుకు నాకు సగం అర్థం కాలేదు. ఊపిరి ఎక్కడ తీసుకుంటోందా అని చూస్తున్నాను, తీసుకోవడమే లేదు. ఒక కుప్ప అయిపోయాక మా దగ్గరికొచ్చి నీళ్లు తాగింది.

"రెండు పడవల దాకా ఇబ్బంది లేదమ్మా. మూడోదానికి గొంతు దిగిపోతంది. మూడోదాన్నుంచీ మా కోడలు పాడద్ది" అంది. "దానికి గొంతుంది గానీ కన్ను లేదు. రొయ్య చూసి ధర చెప్పలేదు."

పూర్తిగా మునుపటిలా చెయ్యలేకపోయాను. చచ్చిన కండకు ప్రాణం పొయ్యడం ఎవరి వల్లా కాదు. కానీ రెండు పడవలు. తిరుగు ప్రయాణంలో పామర్రు దాటేదాకా నేనూ అనూషా ఒకరి మాటకొకరం అడ్డొస్తూ ఆ ఆపరేషన్ గురించే మాట్లాడుకున్నాం.

స్టూలు మీద

కిందటి నెల అనూష ఫోను చేసింది. ఇప్పుడు తను విజయవాడలోనే ఒక ఆసుపత్రిలో సర్జన్. "మేడం, రేపు నా మొదటి బుడగ కేసు. పేషెంటు ఆటో నడుపుతాడు, నలభై రెండేళ్లు. మీరొచ్చి నా వెనక నిలబడతారా? కాకపోతే చెయ్యి పెట్టకూడదు" అంది.

వెళ్లాను. స్టూలు మీద ఎక్కి, తన భుజం మీంచి చూశాను. బుడగ తెరిచింది. గడ్డ లేదు కాబట్టి గుండెను ఆపలేదు, అది కొట్టుకుంటూనే ఉంది. కుట్టు మొదలుపెట్టే చోటు వచ్చింది. నేనైతే సూది ఎక్కడ దించేదాన్నో నాకు తెలుసు. తను అక్కడ దించలేదు. పక్క గోడలో నేను మచ్చలో కలిపేసే భాగాన్ని, వేలెడు వెడల్పున, లోపలికే ఉంచేసి కుట్టుకుంటూ పోతోంది.

నోటిదాకా వచ్చిన మాట మింగాను. మళ్లీ వచ్చింది. ఎవరికి ఏం అనిపించినా చెప్పమని కత్తి పట్టుకునే ముందు తనే అంది కదా అనుకుని, "అనూషా, ఆ పక్క గోడ పోయినట్టుంది. కదలడం లేదు" అన్నాను.

తను చెయ్యి ఆపలేదు. "నిద్రపోతోంది మేడం, పోలేదు. ఎమ్మారై స్కాన్‌లో ఆ భాగం బతికే ఉన్నట్టు కనిపించింది. దానికి రక్తం అందక పని మానేసింది. దాని నాళానికి కూడా బైపాస్ వేస్తున్నాను" అంది.

ఊరుకున్నాను. నమ్మలేదు, ఊరుకున్నాను అంతే. ఆ భాగం పనిచెయ్యకపోతే లోపల మళ్లీ బుడగ మిగిలినట్టే. ఆటో నడుపుకునే మనిషి, నలభై రెండేళ్లు.

మెషీన్ ఆపారు. ప్రెషర్ నిలబడింది. అందరం తెర వైపు తిరిగాం. గుండె గది గుండ్రంగా ముడుచుకుంటోంది, ఆ పక్క గోడ మాత్రం ఊరికే ఉంది. కొన్ని నిమిషాలు గడిచాయి. తర్వాత తెర మీద ఆ వేలెడు వెడల్పు గోడ సన్నగా మందమైంది. నా కళ్ల భ్రమేమో అనుకున్నాను. మళ్లీ మందమైంది. ఈసారి మిగతా గుండెతో పాటే ముడుచుకుంది.

నేను ఇన్నేళ్లలో ఇలాంటి గోడలు ఎన్ని తీసేసి ఉంటానన్న ఆలోచన వచ్చింది. వచ్చి, ఒక్క క్షణం పొడిచి, దాని వెనకే మరొకటి వచ్చింది. ఇదెలా కనిపెడుతున్నారు వీళ్లు?

స్టూలు దిగి, తను గ్లౌజులు విప్పేదాకా ఆగాను.

"ఆ స్కాన్ చదవడం నాకు నేర్పుతావా?"

"మీరు రిటైరయ్యారు కదా మేడం?"

"అయితే?"

అనూష నవ్వింది. "బుధవారం తొమ్మిదింటికి రండి" అంది.

బుధవారం నేను ఎనిమిదిన్నరకే స్కాన్ గది ముందు ఉన్నాను. తలుపు ఇంకా తియ్యలేదు.